నీళ్లలో ఊడని ఈగ

నా కుట్టు ఊడిందని సూర్యాపేటలో ఇంతవరకు ఒక్క ఆడమనిషి కూడా నా షాపు మెట్లెక్కి అనలేదు. బిగుతైందన్నారు, మెడ దిగిందన్నారు, ఇస్తానన్న రోజుకు ఇవ్వలేదని వీధి మొత్తం వినేలా కేకలేశారు. అవన్నీ నిజమే, ఒప్పుకుంటాను. కుట్టు ఊడటం మాత్రం లేదు. ఇరవై రెండేళ్లు బ్లౌజులు కుట్టాను, చీర కొంగులకు కుచ్చులు కట్టాను. అలాంటి నా చేతి కింద మొట్టమొదటిసారి ఊడిపోయింది బ్లౌజూ కాదు, కుచ్చూ కాదు. ఒక ఈగ.

ఆ ఈగ సంగతి చెప్పాలంటే ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున షాపు తెరుస్తుంటే సగం దాకా లేచిన షట్టర్ జారి నా కుడి చేతి మీద పడింది. బొటనవేలు, చూపుడువేలు నలిగిపోయాయి. ఆపరేషన్ చేశారు, కట్టు కట్టారు, కట్టు విప్పారు. వేళ్లైతే మిగిలాయి కానీ రెండూ ఒకదాన్నొకటి కలవడం మానేశాయి. దవాఖానలో కసరత్తు చేయించే అమ్మాయి ఒక మెత్తటి బంతి ఇచ్చి రోజూ పిసకమంది. పిసికాను. కత్తెర పట్టుకుంటే మాత్రం జారి కింద పడేది. కత్తెర పట్టలేని దర్జీకి షాపెందుకని నా ముఖం మీద ఎవరూ అనలేదు. నా మొగుడు అననే లేదు, నేరుగా పని చేసేశాడు. అట్టముక్క మీద ‘టు-లెట్’ అని రాసి, మా మడిగె షట్టర్ గొళ్లేనికి సుతిలి తాడుతో కట్టేశాడు. హైవే పక్కన లారీల షెడ్డులో మెకానిక్ ఆయన. బోల్టు బిగించినట్టే కట్టాడు దాన్ని కూడా.

“ఇన్నేండ్లు కష్టపడ్డవ్. ఇగ కూసో,” అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అందుకే ఇంకా కాలింది నాకు. తిడితే తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా కూర్చోమంటే ఏం చేస్తాం? కూర్చున్నాను. ఎనిమిది నెలలు కూర్చున్నాను. టీవీ సీరియళ్లలో ఆడవాళ్ల బ్లౌజులు చూసి, భుజం ఎక్కడ తప్పిందో గోడకు చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఎండలు ముదిరే రోజుల్లో కోదాడ నుంచి మా మరిది వచ్చాడు. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. వారానికి ఒక్క సెలవు దొరికితే ఆ రోజు కాలువ గట్టు మీదో, కృష్ణ ఒడ్డునో ఉంటాడు. చేపల పిచ్చి. ఎర్రలు, పిండి ముద్దలు వదిలేసి ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి కొత్త పద్ధతులు పట్టాడు. జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో ఈకలు ఊడి వేలాడుతున్న ఒక గాలం ఉంది.

“ఏంటో చెప్పు వదినా?”

“కోడిని కోసి కడగకుండ తెచ్చినవా?”

“ఈగ వదినా. ఫ్లై అంటారు. ఆన్‌లైన్‌లో తెప్పించా. ఈకలు, దారం కలిపి గాలానికి పురుగులాగ కడతారు. నీళ్ల మీద తేలుతుంటే చేప నిజం పురుగనుకుని మింగుద్ది. రెండోసారి విసిరేసరికే ఊడిపోయింది. నువ్వు కట్టిపెడతావేమోనని తెచ్చా.”

చేతిలోకి తీసుకుని చూశాను. నా చిటికెన వేలి గోరంత పని. ఇనుప తీగ మీద దారం చుట్టి, తోకకు నాలుగు ఈక పోగులు, నడుముకు ఉన్ని, మెడకు కోడి ఈక గుండ్రంగా తిప్పి, తల దగ్గర దారంతో ముగించారు. ముగింపు చెత్తగా ఉంది. ఎవరో తొందరలో చేసిన పని. నాకు తెలియకుండానే నా కుడి వేళ్లు కదిలాయి. ఎనిమిది నెలల్లో దారం పని చూసి ఒళ్లు లేచి కూర్చోవడం అదే మొదటిసారి.

“ఇయ్యి, కట్టిస్త,” అన్నాను.

షెడ్డు నుంచి మా ఆయన ఇనుప ముక్కలను బిగించి పట్టే చిన్న వైస్ తెచ్చి బల్లకు బిగించాడు. దాని దవడల మధ్య గాలం పెట్టాను. చికెన్ షాపతను నాటుకోడి పుంజు మెడ ఈకలు కవరులో పోసి ఇచ్చాడు. ఎందుకక్కా అని అడిగితే ఈగకు అన్నాను, ఇంకేం అడగలేదు. దారం నా దగ్గర లేనిదెప్పుడు? పట్టుదారం, జరీ, మైనం అన్నీ ఉన్నాయి. కుడి చెయ్యి మొరాయిస్తోంది కాబట్టి ఎడమ చేత్తోనే చుట్టాను. చివర ముడి మాత్రం కుడి చేత్తో వేశాను. వేలి కొస తడిచేసి, దారం కొసను దాని మీద చుట్టి, దొర్లించి లాగితే పడే ముడి. సూదిలో దారం ఎక్కించాక కొసన వేసుకునేది. ఏ దర్జీ అయినా కళ్లు మూసుకుని వేస్తుంది. నా పాడైన వేళ్లకు మిగిలిన ఒకే ఒక్క విద్య అది. వేసి, గాలానికి ఆనించి, మిగిలిన దారాన్ని పంటితో తెంపాను. చూడటానికి ముద్దుగా ఉంది. జరీ మెరుస్తుంటే నాకే మింగాలనిపించింది.

తర్వాతి ఆదివారం కోదాడలో మరిది వాళ్లింట్లో భోజనాలు. మా ఆడబిడ్డలు, వాళ్ల మొగుళ్లు, అందరూ ఉన్నారు. కూర వడ్డిస్తుండగా మరిది గొంతు పెంచాడు.

“మా వదిన కట్టిన ఈగ ఏం చేసిందో తెలుసా? నీళ్లలో దిగీ దిగంగనే బట్టలిప్పేసింది! ఈక ఒక దిక్కు, జరీ ఒక దిక్కు. చేప వచ్చి చూసి సిగ్గుపడి ఎనక్కి పోయింది!”

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. వదినా మరుదుల మధ్య ఇలాంటివి మామూలే. అతని పెళ్లిలో నేనన్న మాటలకు ఇది ఏ మూలకు? కానీ నవ్వు ఆగాక పెద్దాడబిడ్డ నా చెయ్యి వైపు చూసి, “పాపం, చెయ్యి గట్లుంది గదా, ఏం జేస్తది,” అంది.

ఆ ‘పాపం’ వినగానే చేతిలో ముద్దను విస్తరిలో పెట్టేశాను. నా కుట్టు ఊడిందంటే పడతాను, వెళ్లి మళ్లీ కుడతాను. ఊడటం సహజమే పాపం అంటే ఇక కుట్టడానికి ఏముంది? మా ఆయన ఆ జాలికి ఇంకొంచెం ఆజ్యం పోశాడు. సెల్‌ఫోన్ల షాపు పెట్టుకునే వాళ్లెవరో మడిగె చూసి పోయారని, పదిహేను రోజుల్లో తేల్చి చెప్పాలని, కుట్టుమిషన్‌ను కూడా ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానని అందరి ముందూ చెప్పాడు. నాకు చెప్పని సంగతి పప్పు గరిటెల మధ్య నాకు తెలిసింది.

విస్తరి ముందు నుంచి లేవకుండానే అన్నాను. “మల్ల ఎప్పుడు పోతున్నవ్ చేపలకు?”

“వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. వాడపల్లి. ఎందుకు?”

“నేనొస్త. నా ఈగ నేను కట్టుకుని, నేనే ఇసుర్త. చేప పడాలె, ఈగ ఊడొద్దు. రెండూ అయితే...” మా ఆయన వైపు తిరిగాను. “ఆ బోర్డు పీకేయాలె.”

“కాకపోతే?” అన్నాడాయన.

“కాకపోతే మిషన్ నేనే ఎత్తి ఇస్త.”

ఆయన ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఇంకో కోపం. నేను ఓడిపోతానని ఎంత ధీమా!

మర్నాడు పొద్దున బస్సెక్కి మిర్యాలగూడ పోయాను. అక్కడ మా నాయిన ఉన్నాడు. రైసుమిల్లులో హమాలీగా చేశాడు, అందులోనూ లారీ మీద బస్తాలు పేర్చాక పట్టా కప్పి తాడు బిగించే పని ఆయనది. “మిర్యాలగూడల నేను కట్టిన తాడు మద్రాసుల ఇప్పాల్సిందే, నడుమ ఎవనితోని కాదు” అనేవాడు. పని మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే మిల్లు ఎదురుగా, లారీలు తూకం వేసే కాంటా పక్క చాయ్ హోటల్లో కూర్చుంటాడు. బయటికి పోయే ప్రతి లారీ తాడును చూసి నోరు చప్పరిస్తాడు. డ్రైవర్లు ఆయన్ను చూసి బండి ఆపి తాళ్లు సరిచేసుకుని పోతారు. పొగరు నాకెక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

మరిది దగ్గర తీసుకున్న ఊడిన ఈగను, రాత్రి అదే పద్ధతిలో కట్టిన ఇంకో ఈగను ఆయన అరచేతిలో పెట్టాను. కథంతా చెప్పాను. చేప గురించి, బోర్డు గురించి విని ఊఁ కొట్టాడు. ముడి ఎలా వేశానో చూపిస్తే మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“గిది సూది ముడి గదనే.”

“అవ్ నాయినా.”

“సూది ముడి ఎందుకు ఆగుతది?”

“గుడ్డల రంధ్రం కన్న పెద్దగ ఉంటది గనక.”

“మరి గీడ గుడ్డేది?”

ఇరవై రెండేళ్లు ముడి వేస్తూ, దాన్ని ఆపుతున్నది గుడ్డ అని నేను ఒక్కరోజూ అనుకోలేదు. నా ముడే ఆపుతోందనుకున్నాను. నున్నటి ఇనుప తీగ మీద ఆ ముడికి పట్టుకోవడానికి ఏమీ లేదు. నీళ్లు తగలగానే జారిపోయింది.

నాయిన కండువా తీసి నేను కూర్చున్న బల్ల కాలికి ఒక మెలిక వేశాడు. దాని పక్కన ఇంకో మెలిక. కొసలు నా చేతికిచ్చి లాగమన్నాడు. లాగాను. బల్ల కదిలింది కానీ కండువా కదల్లేదు. లాగినకొద్దీ బిగుసుకుంది. తర్వాత హోటలాయన్ని పిలిచి, బల్ల ఒక కొన ఎత్తించి, ఆ మెలికలను అలాగే కాలి కింద నుంచి జార్చి తీశాడు. గాలిలో ఒక్కసారి విదిలించాడు. కండువా చక్కగా జాడించి ఆరేసిన గుడ్డలా వేలాడింది. ముడి లేదు, మడత లేదు.

“ముడి యాడ పోయింది?” అన్నాడు.

నేను బల్ల కాలిని, కండువాను మార్చి మార్చి చూశాను.

“తాళ్ల లేదు బిడ్డా ముడి. బల్ల కాళ్ల లేదు. రెండు కలిస్తే ఉంటది. తాడు దాని మీద అదే ఎక్కి కూసోవాలె. లోడు గుంజినకొద్దీ తనను తానే నొక్కుకోవాలె. గాలిల ఏసి తెచ్చి ఆనిస్తే ఆగదు. దేనికి కడుతున్నవో దాని మీదనే వెయ్యాలె.”

హాఫ్ హిచ్ అంటారట దాన్ని. మరిది వీడియోల్లో ఆ మాట విన్నాను. మా నాయినకు దానికో పేరుందని కూడా తెలియదు. ఆయనకు అది మెలిక, అంతే. లారీ మీద వందల సార్లు వేశాడు.

అక్కడితో అయిపోయిందనుకుని లేవబోయాను. ఆయన రెండో ఈగను గోటితో గీకుతూ కూర్చున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, దారం కొసను పట్టి మెల్లగా విప్పాడు. అప్పుడు అడిగాడు.

“చుట్టింది ఎడమ చేత్తోన?”

“అవ్.”

“ముడేసింది కుడి చేత్తోన?”

నేను చెప్పలేదు. ఈగ చెప్పింది.

“చుట్టు ఒక దిక్కు పోతున్నది, ముడి ఇంకో దిక్కు గుంజుతున్నది. మెలిక మంచిగ ఏసినా గిట్లయితే ఆగదు. నువ్వు చుట్టిన చుట్టును నువ్వే ఇప్పుకుంటున్నవ్. ఒక్క చేత్తోనే మొత్తం కట్టాలె.” నా ముఖం చూడకుండా, ఎదురుగా పోతున్న లారీని చూస్తూ అన్నాడు. “ఏ చెయ్యో నువ్వే సూస్కో.”

బస్సులో వస్తున్నంతసేపూ నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏడ్చింది బాధకు కాదు. నా చెయ్యి గురించి ఎనిమిది నెలలుగా అందరూ మెత్తగా మాట్లాడారు. ఎడమ చేత్తో అలవాటు చేసుకో అన్నారు, దొరికిందే చాలనుకో అన్నారు. మా నాయిన ఒక్కడే నన్ను పనిమంతురాలిగా చూసి, పనిలో తప్పు చూపించాడు. అంత గౌరవం నాకు చాలా రోజులుగా దొరకలేదు.

ఇంటికొచ్చి కుడి చేతిని వైస్ ముందు పెట్టాను. ఎడమ చేతిని ఒళ్లో కూర్చోబెట్టాను. దారం ఒక చుట్టు తిప్పగానే బొటనవేలు జారింది, చుట్టంతా విడిపోయింది. మళ్లీ. మళ్లీ విడిపోయింది. మొదటి రోజు తోక దాకా కూడా రాలేదు. వైస్‌ను, పుంజును, మరిదిని వరసగా తిట్టాను.

రెండో రోజు నాయిన మెలిక అసలు ఉపయోగమేంటో తెలిసింది. నేను దాన్ని చివర్లో వేసే ముగింపు అనుకుంటున్నాను. అది చివరిది కాదు. తోక కట్టాక ఒక మెలిక. ఉన్ని చుట్టాక ఒక మెలిక. జరీ తిప్పాక ఒకటి. దారాన్ని వేలి మీద ఉచ్చులా తిప్పి, గాలం ముక్కు మీదుగా దిగేసి, చుట్టిన దిక్కుకే లాగాలి. ఒక్క క్షణం పని. అది పడ్డాక దారం వదిలేసినా పరవాలేదు. చెయ్యి వణికినా, వేలు జారినా విడిపోయేది ఆ మెలిక తర్వాతదే, అంతకు ముందు చేసిందంతా భద్రం. లేచి నీళ్లు తాగొచ్చు, వేళ్లు ఒత్తుకోవచ్చు, కుక్కర్ కింద మంట ఆపి రావచ్చు. ఎక్కడ ఆపానో అక్కడే ఉంటుంది. చెయ్యి బాగున్న వాళ్లకు ఈ మెలిక ఉన్నా లేకపోయినా ఒకటేనేమో. నాకు మాత్రం అది లేకపోతే ఈగే లేదు. మెలికకూ మెలికకూ నడుమ ఉన్న కాస్త పని చెయ్యగలిగితే చాలు. అంతమాత్రం నా వేళ్లు చెయ్యగలవు.

ఇక ముగింపు. వీడియోలో ఒక దొర ఇనుప కొక్కెం లాంటి పరికరంతో గిరగిరా తిప్పి ముగించాడు. విప్ ఫినిష్ అన్నాడు. దారం తన కొసను తానే ఐదారు చుట్లు కప్పుకుని, ఆ కొసను లోపలి నుంచి లాగితే ముడి కనబడకుండా పోతుంది. మూడుసార్లు వెనక్కి జరిపి చూశాను. నాలుగోసారి ఫోన్ పక్కన పడేసి గట్టిగా నవ్వాను. ఇది చీర కుచ్చు మెడ కదా! పట్టుపోగులు గుత్తిగా కలిపి, మెడకు జరీ చుట్టి, కొసను చుట్టు కిందికి దాచి లాగుతాం. కంచిపట్టు చీరలకు, గద్వాల చీరలకు ఎన్ని వేలు కట్టానో నాకే తెలియదు. దొరకు పరికరం కావాలి, నాకు నా చూపుడువేలు చాలు. ఎనిమిది నెలలుగా మొద్దుబారిన ఆ వేలు జరీ తగలగానే దారి గుర్తుపట్టింది.

పన్నెండో రోజుకు చేతిలో మూడు ఈగలున్నాయి. ఒకదాన్ని కుళాయి కింద కట్టి మధ్యాహ్నమంతా నీళ్లు వదిలాను. ఒకదానికి ఇటుక వేలాడదీశాను. మూడోదాన్ని మా ఆయన చేతికిచ్చి పటకారతో పీకమన్నాను. ఆయన షెడ్డు బలమంతా పెట్టి పీకాడు. రెండు ఈకలు తెగి వచ్చాయి, దారం కదల్లేదు. ఆయన పటకారను సంచిలో వేసుకుని పనికి పోయాడు. ఆ వెనక్కి తిరిగిన వీపును చూసి నాకు భలే సంతోషం వేసింది.

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటుకు కొంచెం ఎగువన, తుంగ మొలిచిన మడుగు ఒకటుంది. మరిది పొద్దున్నే వచ్చి చోటు పట్టాడు. మిర్యాలగూడ నుంచి నాయిన కూడా ఆటోలో దిగాడు. పిలవలేదు, తనే వచ్చాడు. మా ఆయన గట్టు మీద టవల్ పరుచుకుని జడ్జిలా కూర్చున్నాడు.

ఈకలకు బరువుండదు కాబట్టి ఈగ వట్టిగా విసిరితే పోదు. ముందు నీళ్లు నింపే చిన్న ప్లాస్టిక్ బుడగ కట్టి, దాని వెనక ఈగను కట్టాలి. గాలం రంధ్రంలో నైలాన్ దారం ఎక్కించి, దాని మీద దాన్నే ఐదు సార్లు తిప్పి, ఉమ్మి తడి చేసి బిగించాను. మరిది కడతానన్నాడు. ముట్టుకుంటే చెయ్యి విరుస్తానన్నాను.

రెండు గంటలు ఏమీ లేదు. నా ఈగ తుంగలో చిక్కుకుంది, వచ్చింది, మళ్లీ చిక్కుకుంది. మరిది కప్ప ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ ఎరను విసురుతున్నాడు, అతనికీ ఏమీ లేదు. “వదినా, నీ ఈగకు చీర కూడా కట్టాల్సింది,” అన్నాడు. నేను మళ్లీ విసిరాను. మరిది ఇచ్చిన గాలపు రాడ్ పట్టుకున్న బొటనవేలు సలుపుతోంది. ఎడమ చేతిలోకి మార్చుకుందామా అనిపించింది. మార్చలేదు.

తుంగ పక్కనే ఒక ఖాళీ నీటి తావులో ఈగ పడింది. కొంచెం లాగి ఆపాను. లాగి ఆపాను. జరీ ఎండకు తళుక్కుమంది. అంతే, దాని కింద నీళ్లు బద్దలయ్యాయి. ఎవరో బండరాయి వేసినట్టు గుభేల్‌మని చప్పుడు. రాడ్ నా చేతిలోంచి ముందుకు దూకింది.

“కొర్రమీను! కొర్రమీను వదినా! వదలకు, వదలకు!”

వదలడానికి ఇదేమన్నా కత్తెరా? రాడ్‌ను కడుపుకు ఆనించి, కుడి చేత్తో బిగించి పట్టాను. ఎనిమిది నెలలుగా కలవని బొటనవేలు, చూపుడువేలు కర్ర చుట్టూ వచ్చి కలిశాయి. నొప్పి భుజం దాకా పోయింది. చేప తుంగలోకి దూరబోతే పక్కకు లాగాను. అది లాగినకొద్దీ అక్కడ, నీళ్ల కింద, నేను వేసిన ప్రతి మెలికా బిగుసుకుంటోందని నాకు తెలుసు. అది తెలిసినందుకే భయం వేయలేదు. నాయిన మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, కండువా పరిచి చేపను చుట్టి గట్టు మీదికి విసిరాడు. నల్లగా, మూర పైన ఉంది. గడ్డి మీద ఎగిరెగిరి పడుతోంది.

మొదట మాట్లాడింది మా ఆయన. “చేపయితే పడ్డది. ఈగను సూడుండ్రి,” అన్నాడు. న్యాయం న్యాయమే.

మరిది చేప నోరు తెరిచి గాలం ఊడదీశాడు. కొర్రమీను పళ్లు ఈకలను నమిలేశాయి. తోక లేదు. మెడ ఈక తునకలైంది. ఉన్ని సగం పోయింది. మరిది దాన్ని ఎండకు పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, గోటితో గీకాడు. పళ్లతో కొరికి చూశాడు. తర్వాత అన్న దగ్గరికి తీసుకుపోయి అరచేతిలో పెట్టాడు.

“ఈకలు పోయినయ్ అన్నా. కట్టు ఒక్కటి కూడా పోలేదు. తోక కాడిది, నడుం కాడిది, తల కాడిది అన్నీ ఎక్కడియక్కడ ఉన్నాయి.” నా వైపు తిరిగి నమస్కారం పెట్టాడు, ఎగతాళికి కాదు. “నాకు డజను కట్టియ్యాలి వదినా.”

“లైన్ల నిలబడు. పెండ్లిండ్ల బ్లౌజులు ఉన్నయ్,” అన్నాను.

నాయిన తడిసిన పంచె పిండుకుంటూ ఈగను అడిగి తీసుకున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు. ఏ చెయ్యి అని ఈసారి అడగలేదు. “మద్రాసు పోతది గిది,” అన్నాడు. నా జీవితంలో ఆయన నాకిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే. పదో తరగతి దానికన్నా భద్రంగా దాచుకున్నాను.

సోమవారం పొద్దున మా ఆయన నాకంటే ముందే షాపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇచ్చిన మాట ప్రకారం బోర్డు విప్పబోయాడు. ఎనిమిది నెలల వానకు, ఎండకు సుతిలి ముడి రాయిలా బిగిసిపోయింది. గోళ్లతో గీకాడు, పళ్లు పెట్టాడు, తిట్టాడు. రాలేదు. షెడ్డుకు పోయి పటకార తెస్తానన్నాడు.

“జరుగు,” అన్నాను.

సంచిలోంచి నా కత్తెర తీశాను. కుడి చేత్తో పట్టుకుని, ఒక్క దెబ్బకు కత్తిరించాను.